ఏడో ప్రకరణం: పన్నెండో పంక్తి

ద్వారపాలకుడు కొమ్మన నోట్లో రెండు వేళ్లు పెట్టి వెతికాడు. నాలుక తగల్లేదు.

“ఎవర్రా కోసింది? మొదలంటా కోసేశారే. మావాళ్లయితే కాస్త ముక్కయినా మిగులుస్తారు” అన్నాడు. పక్కనున్న భటుడు నవ్వాడు. కొమ్మన తల మీద సజ్జల గంపను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ద్వారపాలకుడు తడి వేళ్లను కొమ్మన చొక్కాకే తుడుచుకుని, గింజల్లోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టి కెలికాడు. గంప మూర లోతు ఉంది. అడుగున ఒక ఉలి, ఒక సుత్తి ఉన్నాయి. అతని చెయ్యి అంత దూరం పోలేదు.

“పో” అన్నాడు.

కురంగదుర్గం కోటలో మాంత్రికుడు ఉలూకనాథుడి పక్షిశాల ఉంది. అందులో పనిచేసేవాళ్లలో ఎవరికీ నాలుక ఉండకూడదు. పక్షులు వాళ్ల దగ్గర పరాయి మాట నేర్చుకోకూడదని ఆ నియమం. అందుకే కొమ్మన తెల్లవారగానే మూగవేరు నమిలాడు. కొండ దిగువన ఉండే మందుల ముసలమ్మ ఇచ్చిన వేరు అది. నమిలినవాడి నాలుక ఎండిన తోలులా ముడుచుకుని గొంతులోకి దిగిపోతుంది. పులుపు తగిలితే తిరిగి వస్తుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా తగలకపోతే మళ్లీ రాదు.

“పొద్దెక్కకుండా చారు తాగు నాయనా. ఆలస్యంగా తాగితే రుచి కూడా తెలీదు” అంది ముసలమ్మ.

కొమ్మన రాళ్లు చెక్కేవాడు. అతని అక్క నాగమ. ఆమె మొగుడు సూరన కోట చెరువు తూము దగ్గర చక్రం తిప్పే నలుగురిలో ఒకడు. మొన్నటి వానల్లో చెరువు నిండి రాజుగారి ఏనుగుల శాలలోకి నీళ్లు వచ్చాయి. ఆ పగలే దిగువన మూడు ఊళ్లు కొట్టుకుపోయాయి. గట్టు తెగిందని దండోరా వేశారు. సూరన మాటరాయి దగ్గరికి వెళ్లి గట్టు తెగలేదని చెప్పాడు. తూము తెరిచారని, తెరిచిన నలుగురిలో తానొకడినని, తెరవమన్నది రాజుగారేనని చెప్పాడు. అతని నాలుక కోశారు. ఎనిమిదో రోజున చనిపోయాడు. తొమ్మిదో రోజున నాగమ అదే రాయి దగ్గర నిలబడి ఆ మాటలే మళ్లీ చెప్పింది.

ఇవాళ శాసన పఠనం ముగియగానే ఆమె నాలుక కోస్తారు.

మాటరాయి కోట నడిమి ముంగిట్లో ఉంది. రెండు వందల ఏళ్ల కిందట మొదటి రాజు పెద్ద ధవళుడు ప్రజలకు ఒక బాస చేసి, దాన్ని ఆ రాయి మీద చెక్కించాడు. మాటకు రాజు శిక్ష వేయకూడదన్నది ఆ బాస. ఏటా ఇదే రోజున శాసన పాఠకుడు దాన్ని జనానికి వినిపిస్తాడు. మొదటి పంక్తి మొదలుకొని చివరి పంక్తి దాకా రాజు కిరీటం తీసి నిలబడాలి. అంతసేపూ ఆయన ఆజ్ఞ చెల్లదు, భటుడు కత్తి దూయకూడదు. ఆ కాసేపు కురంగదుర్గానికి బాస ఒక్కటే రాజు.

పాఠకుడు వినిపించే బాసలో చివరి పంక్తి ఒకటుంది. రాజద్రోహం పలికిన నోటికి ఈ బాస వర్తించదు అని. ఏది రాజద్రోహమో రాజు చెబుతాడు. ఇప్పటి రాజు రణధవళుడు, అతని తండ్రి కలిసి ఆ పంక్తి కింద నలభై ఒక్కమంది నాలుకలు కోయించారు.

ఆ పంక్తి రాయి మీద ఉందో లేదో ఎవరూ చూడలేదు. చూడటానికి వీల్లేదు. రెండు వందల ఏళ్లుగా జనం ఆ రాయికి పసుపు పూస్తున్నారు. మాటలమ్మ అని పేరు పెట్టి మొక్కుతున్నారు. పాత పూత మీద కొత్త పూత పడి బెత్తెడు మందాన గట్టిపడింది. అక్షరాలు దాని కింద ఉన్నాయి. అమ్మవారి పూత గీకితే ఇంట్లో గొడ్డూ బిడ్డా మిగలరని జనం నమ్మకం.

కొమ్మనకు మాత్రం ఒక సంగతి తెలుసు. ఆ రాయి చెక్కింది అతని వంశంవాళ్లే. వాళ్లింట్లో ఏ శాసనం చెక్కినా చివరి పంక్తి కింద ఇంటి ముద్ర వేస్తారు. ఆ ముద్ర కింద ఇక ఏ ఉలీ తగలకూడదు. ఏ రాయికి ఎన్ని పంక్తులో పిల్లలకు పాటగా నేర్పుతారు. ఏనుగు ద్వారానికి ఏడు, ఎల్లరాయికి నాలుగు, మాటరాయికి పదకొండు. కొమ్మన ఆ పాట వెయ్యిసార్లు పాడి ఉంటాడు. శాసన పఠనం పాతికసార్లు విని ఉంటాడు. రెండూ కలిపి ఎన్నడూ చూడలేదు. అక్కను పట్టుకుపోయిన రోజున, బండ మీద కూర్చుని, పాఠకుడి మాటలను పనివాడి లెక్కన ఒక్కో పంక్తిగా విడదీశాడు. పన్నెండు వచ్చాయి.

పక్షిశాలకు ఇరవై నాలుగు స్తంభాలు. స్తంభానికి స్తంభానికి మధ్య ఇత్తడి గొలుసులు, గొలుసులకు పంజరాలు. కింద చలువరాళ్లు పరిచి, గోడలకు వెండిరేకు తాపారు. పైన అద్దాల చూరు. ఎండ అద్దాల్లోంచి దిగి, రేకుల మీద పడి, నాలుగు వందల పంజరాల మీద చెదిరేది. పంజరానికొక గోరింక. ప్రతి గోరింక కడుపులోనూ ఒక మనిషి నాలుక ఉంది. నాలుక మింగిన పక్షికి ఆ మనిషి గొంతు వస్తుంది. ముసలివాళ్ల గొంతులు, బాలింతల గొంతులు, అన్నిటికంటే ఎక్కువగా పొరుగు రాజ్యాల బందీల గొంతులు కలిసి ఒకే మాట అంటున్నాయి: “రణధవళుడు చల్లగా ఉండాలి.”

కొమ్మన గంప దించి, ఉలి, సుత్తి నడుముకు దోపుకుని, పైన తుండు చుట్టుకున్నాడు. గింజలు వేస్తూ మూడో వరుసకు వచ్చేసరికి సూరన గొంతు వినిపించింది. రాజును దీవిస్తోంది. చేతిలో గింజలు కింద పడ్డాయి. వంగి ఏరుకున్నాడు.

“ఎవడ్రా కొత్తవాడు?”

ఉలూకనాథుడు పొట్టి మనిషి. ఒడిలో మరమరాలు పోసుకుని తింటూ ఒక పంజరం ముందు కూర్చున్నాడు. కొమ్మన చేతులు కట్టుకున్నాడు.

“దగ్గరికి రా. మీ మూగాళ్లతో మాట్లాడితే నాకు హాయిరా. ఎంత చెప్పినా ఎవరికీ చెప్పలేరు. ఇదిగో, దీనికి పొద్దున్నే తినిపించాను. విను.”

ఆ పంజరంలోని పక్షి నోరు తెరిచింది. ఒక ఆడమనిషి గొంతు, “బిడ్డ తిన్నాడా?” అంది. కాసేపాగి మళ్లీ, “బిడ్డ తిన్నాడా?” అంది.

నాలుక లోపలికి పోగానే, అది బతికుండగా ఎక్కువసార్లు అన్న మాట ముందు బయటికి వస్తుందని ఉలూకనాథుడు వివరించాడు. దాన్ని మాన్పించి కొత్త మాట నేర్పడానికి మూడు రోజులు పడుతుంది. అంటూనే బెత్తం పంజరంలోకి పెట్టి పక్షిని పొడిచాడు. అది, “బిడ్డ...” అంది. మళ్లీ పొడిచాడు.

“తూము చక్రంవాడి నాలుక మొదటిరోజు ఏమందో తెలుసా? ‘నాగమా, ఆకలేస్తోందే’ అంది. రోజంతా అదే. తిండిపోతు” అని మరమరాలు నోట్లో పోసుకున్నాడు. “ఆ పంజరం ఇవాళ ముంగిట్లోకి తీసుకుపో. దాని పెళ్లాన్ని కట్టిన గుంజకు వేలాడదియ్యి. మొగుడు రాజుగారిని దీవిస్తుంటే వింటూ కోయించుకోనీ.”

కొమ్మన పంజరం తీసుకుని బయటికి నడిచాడు.

భటుల వంటశాల దారిలోనే ఉంది. పొయ్యి మీద చారు గుండిగ మరుగుతోంది. అతను పంజరం కింద పెట్టి, గరిటె ముంచి, పొగలు కక్కే చారు గొంతులో పోసుకున్నాడు. నోరు కాలింది. ఆ మంటలో నాలుక కదిలింది. తిమ్మిరెక్కిన కాల్లోకి నెత్తురు దిగినట్టు, వేయి సూదులతో ముందుకు జరిగి, పళ్లకు తగిలింది. వంటవాడు వెనకనుంచి వచ్చి వీపు మీద గరిటెతో కొట్టాడు.

“నాలుకే లేదు, నీకెందుకురా చారు? ఉప్పెక్కువైందో తక్కువైందో చెప్పు చూద్దాం.”

కొమ్మన పెదవులు బిగించి, దండం పెట్టి, పంజరం ఎత్తుకున్నాడు.

ముంగిలి నిండా జనం ఉన్నారు. ఆడవాళ్లు పసుపు గిన్నెలతో వరుసగా వచ్చి రాయికి పూసి పోతున్నారు. ఉత్తరం పక్కన చెరువు గోడ, దాని నెత్తిన తూము చక్రం, చక్రం దగ్గర నలుగురు. సూరన చోట్లో కొత్తవాడు నిలబడ్డాడు. గోడ అడుగున నేల మీద తూము గొంది నోరు మనిషి దూరేంత వెడల్పున తెరుచుకుని ఉంది. చెరువు నీళ్లు వదిలితే ఆ గొంది నిండి, కోట కిందుగా పారి, ఒకప్పుడు మూడు ఊళ్లు ఉన్న పల్లంలోకి పోతాయి. ఇప్పుడది పొడిగా ఉంది.

నాగమను రాయికి పది అడుగుల దూరంలో గుంజకు కట్టారు. పక్కన తలారి కుంపటిలో పటకారు కాలుస్తున్నాడు. కొమ్మన వెళ్లి పంజరం గుంజకు తగిలించాడు. ఆమె పంజరం వైపు చూసింది.

“రణధవళుడు చల్లగా ఉండాలి” అంది సూరన గొంతు.

నాగమ ముఖం తిప్పుకోలేదు. ఆ తర్వాత తమ్ముణ్ని చూసింది. గుర్తుపట్టినట్టు పైకి కనిపించనివ్వలేదు.

రాజు వచ్చి, కిరీటం తీసి, పట్టు దిండు మీద పెట్టాడు. ఎండ నేరుగా ఆయన బట్టతల మీద పడింది. పాఠకుడు ఏచనభట్టు రాయి ముందు నిలబడ్డాడు. డెబ్భై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా ఆయనే వినిపిస్తున్నాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“కురంగదుర్గం ప్రజలకు పెద్ద ధవళుడు చేసిన బాస ఇది.”

మొదటి పంక్తి అయింది. కొమ్మన నాలుగు అడుగుల్లో రాయి దగ్గరికి వెళ్లి, తుండు విప్పి, ఉలి పసుపు మీద ఆనించి సుత్తితో కొట్టాడు.

 రెండో దెబ్బకు ఒక ముసలామె పసుపు గిన్నె అతని తలకేసి విసిరింది. “అమ్మను కొడుతున్నాడు, పట్టుకోండి” అని అరిచింది. భటులు రాజు వైపు చూశారు. రాజు నోరు తెరిచి, దిండు మీది కిరీటం చూసి, మూసుకున్నాడు.

రాజు వెనకే వచ్చి నిలబడ్డ ఉలూకనాథుడు జనం వైపు తిరిగాడు. “భటుడికి ఆజ్ఞ కావాలి. మీకెందుకు? మీ అమ్మవారు, మీ రాళ్లు” అన్నాడు.

రాళ్లు పడ్డాయి. ఒకటి కొమ్మన చెవి చీల్చింది. ఒకటి ఎడమచేతి చూపుడువేలు విరగ్గొట్టింది. అతను ఉలిని మిగిలిన వేళ్లతో పట్టుకుని పూత అంచు వెంట కొట్టుకుంటూ పోయాడు. గట్టిపడిన పూతను నడిమిన కొడితే పొడి రాలుతుంది, అంచున కొడితే పలకగా లేస్తుంది. అది పనివాడికే తెలుస్తుంది. మొదటి వరుసలోని మగవాళ్లు అతని కాళ్లు పట్టి లాగారు. బోర్లా పడుతూ చివరి దెబ్బ వేశాడు. రెండు వందల ఏళ్ల పసుపు తలుపు రెక్కలా ఊడి అతని వీపు మీదే పడింది.

కింద నల్లరాయి ఉంది. దాని మీద అక్షరాలు ఉన్నాయి, నిన్న చెక్కినంత పదునుగా. కాళ్లు పట్టినవాళ్లు వదిలేశారు.

కొమ్మన లేచి నిలబడ్డాడు. నోట్లో నెత్తురు ఉమ్మేశాడు.

“చదువొచ్చినవాళ్లు చదవండి. రానివాళ్లు పంక్తులు లెక్కపెట్టండి” అన్నాడు. “పాఠకులవారు పన్నెండు చెబుతారు. ఇక్కడ ఎన్నున్నాయో చూడండి.”

పసుపు గిన్నె విసిరిన ముసలామే ముందు దగ్గరికి వచ్చింది. అమ్మవారిని తాకినట్టు కళ్లకద్దుకుంటూ ఒక్కో పంక్తి మీద వేలు పెట్టింది. వెనక జనం ఆమెతో పాటు లెక్కపెట్టారు. పదకొండు దగ్గర వేలు ఆగింది. దాని కింద రాళ్ల పనివాళ్ల ముద్ర, ముద్ర కింద నున్నటి రాయి.

ఏచనభట్టు కొమ్మన పక్కకు జరిగాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆ ఇద్దరికీ తప్ప ఎవరికీ వినపడలేదు.

“నాకు తెలుసు నాయనా. మా తాత కాలంలో అప్పటి రాజు చేర్చమంటే చేర్చారు. మా నాన్న నాకు ఇంట్లో పదకొండే నేర్పాడు. రోజూ పొద్దున్నే స్నానం చేసి పదకొండే చదువుతాను, నలభై ఏళ్లుగా. పన్నెండోది ఇక్కడ మాత్రమే, ఏడాదికోసారి.”

“నలభై ఒక్కమంది, అయ్యా” అన్నాడు కొమ్మన.

“పేర్లు కూడా చెప్పగలను.”

ఉలూకనాథుడు మరమరాల పొట్లం మడిచి నడుము దగ్గర దోపుకుని వచ్చాడు. “పాఠకులవారూ, కానివ్వండి. పన్నెండూ చదవండి. ఇప్పుడు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేరు, నిజమే. కానీ చదువు ముగిశాక కూడా పొద్దు ఇంకా చాలా ఉంటుంది. మీ మనవరాలు గడపలో ముగ్గు వేస్తుంటే చూశాను. చక్కటి గొంతు.”

ఏచనభట్టు తల ఊపాడు. కొమ్మన చేతిలోంచి ఉలి, సుత్తి మెల్లగా తీసుకున్నాడు. ముద్ర కింద పన్నెండో పంక్తి చెక్కబోతున్నాడని జనం అనుకున్నారు. ముసలాయన గడ్డం రాయి అంచుకు ఆనించి, నాలుక బయటపెట్టి, దాని మీద ఉలి నిలిపి, కళ్లు మూసుకోకుండా ఒక్క దెబ్బ కొట్టుకున్నాడు.

నాలుక రాయి మీద కాసేపు నిలిచి కింద పడింది. ఆయన దాని పక్కన కూర్చున్నాడు. పసుపు గుడ్డ తీసుకుని నోట్లో కుక్కుకున్నాడు.

అప్పుడు రాజుకు తన పరిస్థితి అర్థమైంది. పఠనం మొదలైంది. ముగించేవాడు లేడు. ముగిసేదాకా కిరీటం తలకెక్కదు. చుట్టూ జనం ఉన్నారు, కొమ్మన కోసం ఎత్తిన రాళ్లు ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ముందు వరుసలో కొట్టుకుపోయిన ఊళ్లవాళ్లు కూడా ఉన్నారు.

ఉలూకనాథుడు ఒక్కడే తొందరపడలేదు. వంగి నాలుక తీసుకున్నాడు. గుంజ దగ్గరికి వెళ్లి పంజరం తలుపు తెరిచాడు.

“పాఠకుడి నాలుక చదవాలి అన్నది ఆచారం. చదువుతుంది” అన్నాడు. “నలభై ఏళ్లు ఇదే పాఠం చదివిన నాలుక. ఇంకేమంటుంది?”

రెండో నాలుక మింగిన పక్షికి మొదటి గొంతు పోతుంది. ఆ సంగతి అతను నాగమ కళ్లలోకి చూస్తూ చెప్పాడు. పక్షి మెడ పట్టుకుని ముక్కు తెరిచాడు. అది రెక్కలు కొట్టుకుంటూ, నేర్పిన మాట మరిచి, సూరన గొంతుతో, “నాగమా, ఆకలేస్తోందే” అంది. ఉలూకనాథుడు నాలుక కుక్కాడు. పక్షి గుటక వేసింది.

నాగమ ఏడవలేదు. “వదిలించావు. నీ పంజరంలో ఆయన లేకపోవడమే మేలు” అంది.

పక్షి పంజరం అంచున నిలబడింది. ఏచనభట్టు గొంతు వచ్చింది, తెల్లవారుజామున స్నానం చేసిన మనిషి గొంతు.

“కురంగదుర్గం ప్రజలకు పెద్ద ధవళుడు చేసిన బాస ఇది. ఈ రాయి దగ్గర ఎవరైనా మాట్లాడవచ్చు. నన్ను పొగడవచ్చు, తిట్టవచ్చు...”

జనం వేళ్ల మీద లెక్కపెట్టారు. ముసలామె గట్టిగా పెట్టింది. నాలుగు. అయిదు. ఆమె ఒక్కో పంక్తి మీద వేలు జరుపుతోంది, పక్షి అదే చెబుతోంది. ఎనిమిది. తొమ్మిది. తలారి పటకారు పైకి తీశాడు. చివర ఎర్రగా ఉంది.

“మాట అబద్ధమైతే నిజం చెప్పి గెలుస్తాను. నిజమైతే తల వంచుతాను. శిక్ష వేయను” అంది పక్షి. అది పదో పంక్తి.

“నా కొడుకులు, వాళ్ల కొడుకులు ఈ బాసకు ఒక్క మాట చేర్చలేరు, ఒక్క మాట తీయలేరు.”

పదకొండు. ముసలామె వేలు ముద్ర మీద ఆగింది. పక్షి ఊపిరి తీసుకుంది.

 కొమ్మనకు మాత్రమే తెలుసు, ఆ నాలుక రోజూ పొద్దున్నే ఎక్కడ ఆగేదో. పక్షి ముక్కును పంజరం చువ్వకు అటూ ఇటూ రాసింది. రెక్క దులుపుకుంది.

ఉలూకనాథుడి ముఖం మారింది. బెత్తం తీసి పొడిచాడు. పక్షి, “కురంగదుర్గం ప్రజలకు...” అని మళ్లీ మొదటినుంచి అందుకోబోయింది. మళ్లీ మొదలైతే మళ్లీ ముగియాలి. మళ్లీ అంతసేపూ బోడితలతో, రాళ్లు పట్టుకున్న జనం ముందు. రణధవళుడు దిండు మీది కిరీటం లాక్కుని తలకు పెట్టుకున్నాడు.

“చదువు అయింది” అన్నాడు.

“ప్రభూ, ఇంకొకటి ఉంది” అన్నాడు ఉలూకనాథుడు.

“అయిందన్నానా, లేదా?”

అన్న తర్వాత ఆయనకే తెలిసింది ఏమన్నాడో. రాజు నోటితోనే బాస పదకొండు పంక్తులతో ముగిసింది. ముంగిలి అంతా విన్నది. తలారి పటకారు పట్టుకుని నిలబడి, దీన్నేం చేయమంటారని అడిగాడు. చల్లారిపోతోందని కూడా అన్నాడు.

రాజు రాయి వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఆమె కట్లు విప్పమన్నాడు. విప్పారు. నాగమ మణికట్లు రుద్దుకుంటూ ఏచనభట్టు దగ్గరికి వెళ్లి, ఆయన తల ఒడిలో పెట్టుకుంది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు లేదు.

“బాస గొప్పది. తల వంచుతున్నాను. మాటకు శిక్ష లేదు” అన్నాడు రాజు. కొమ్మన వైపు తిరిగాడు. “వీడు చేసింది మాట కాదు. అమ్మవారి మీద ఉలి వేశాడు. ఆ పని గురించి బాసలో ఒక్క అక్షరం లేదు. ఎవరైనా చూపించండి, వదిలేస్తాను.”

 పసుపు పూసిన చేతులన్నీ కిందికి దిగాయి. చదువొచ్చిన ఇద్దరు ముగ్గురు రాయి మీద వెతికి తల దించుకున్నారు. నిజంగానే లేదు.

“వాడి రెండు చేతులూ మోచేతుల దాకా” అన్నాడు రాజు. భటులు కత్తులు దూశారు.

“పరిగెత్తరా” అంది నాగమ.

కొమ్మన సుత్తి అందుకుని పరిగెత్తాడు. ద్వారం మూసేశారు. ఎడమ పక్కనుంచి ఆరుగురు, కుడి పక్కనుంచి నలుగురు. ముందు చెరువు గోడ. ఒక కత్తి అతని చొక్కా కోసింది, రెండోది భుజం గీసింది. గోడ అడుగున తూము గొంది నోరు కనిపించింది. తల ముందు పెట్టి దూకాడు. భటులు అంచున ఆగిపోయారు. ఆ గొంది సంగతి వాళ్లకు తెలుసు.

గొందిలో వంగి నడవాల్సినంత ఎత్తు. నలభై బారలు పోతే పల్లంలోకి తెరుచుకునే చోట ఇనుప కటకటాలు ఉన్నాయి. అతను మోకాళ్ల మీద, ఒక చేత్తో పాకుతూ పోయాడు. వెనక నుంచి వెలుతురుతో పాటు పైనున్నవాళ్ల మాటలూ గొందిలోకి వస్తున్నాయి. లోపలికి దిగమని ఎవరో అన్నారు. నువ్వు దిగు అని ఇంకొకరు అన్నారు.

అప్పుడు రాజు గొంతు వినిపించింది. కోపంలో ఉన్న మనిషి గొంతు, ఎవరు వింటున్నారో చూసుకోని గొంతు.

“దిగడమెందుకు? తూము తెరవండి.”

చక్రం దగ్గర నలుగురూ కదల్లేదు. వాళ్లలో పెద్దవాడు చెవిలో సరిగా పడనట్టు మళ్లీ అడిగాడు. పల్లంలో ఇప్పుడు చావగా మిగిలినవాళ్లు గుడిసెలు వేసుకున్నారని కూడా చెప్పాడు.

“పోయినసారీ ఇలాగే నసిగారు” అన్నాడు రాజు. “తెరవమన్నానా?”

ముంగిట్లో మూడు ఊళ్లవాళ్లు ఉన్నారు. ఏచనభట్టు తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్న నాగమ ముఖం పైకెత్తి వాళ్ల వైపు చూసింది.  సూరన అన్న మాట, ఆమె అన్న మాట, ఇప్పుడు రాజే అన్నాడు. ముసలామె చేతిలో రాయి ఇంకా ఉంది. ఆమె దాన్ని కొమ్మన కోసమే ఏరుకుంది. గట్టిగా పట్టుకుంది.

చక్రం దగ్గర బెత్తం చప్పుడు వినిపించింది, ఒకసారి, రెండుసార్లు. ఎవరో మూలిగారు. చక్రం కిర్రుమంది.

కొమ్మన కటకటాలు చేరాడు. నాలుగు కమ్ములు. రెంటికి తుప్పు పట్టింది. వాటి అవతల ఎండలో గుడిసెలు, గుడిసెల ముందు ఆరేసిన బట్టలు, పొయ్యి రాజేస్తున్న ఒక ఆడమనిషి కనిపించారు. ఆమె గొంది వైపు వీపు పెట్టి కూర్చుంది. వెనక నుంచి చల్లగాలి ముందుగా వచ్చింది, దాని వెంట చప్పుడు. మోకాళ్ల కింద నేల తడిసింది.

అతను కమ్ముల్లోంచి నోరు బయటపెట్టి, “లేవండి, నీళ్లు” అని అరిచాడు. ఉలి రాయి దగ్గరే ఉండిపోయింది. సుత్తి ఎత్తి తుప్పు పట్టిన కమ్మి మీద మొదటి దెబ్బ వేశాడు.